సర్టిఫికెట్ లేని చదువును అప్రైజల్ ఫారంలో ఎక్కడ రాయాలి?

నట్టు_బోల్టు
నేను ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజినీరుని. ఎనిమిదేళ్ల సర్వీసు. మా కంపెనీలో ప్రతి ఒక్కరూ ఏడాదికి 40 గంటల శిక్షణ పూర్తిచేయాలి. ఈ ఏడాది నావి 22 గంటలే అయ్యాయి. మిగతా 18 గంటలు అవకపోతే అప్రైజల్‌లో "నేర్చుకునే ఆసక్తి తక్కువ" అని పడుతుందని మా మేనేజర్ చెప్పారు. ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది.

ఎందుకంటే ఈ ఎనిమిదేళ్లలో నేను ఎక్కువ నేర్చుకున్న ఏడాది ఇదే. మా సెక్షన్‌లో ఒక సీనియర్ ఫిట్టర్ ఉన్నారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను బేరింగ్ హౌసింగ్ మీద పెట్టి, పిడిని చెవికి ఆనించుకుని వింటారు. "దీనికి గ్రీజు తక్కువ కాలేదు, ఎక్కువైంది" అంటారు. విప్పి చూస్తే అదే నిజం. మొన్న ఒక పంపులోంచి గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడు వస్తుంటే బేరింగ్ పోయిందనుకుని విప్పించబోయాను. ఆయన ఆపి, ముందు సక్షన్ వైపు, అంటే పంపు నీళ్లు పీల్చుకునే వైపు, జల్లెడ తీసి చూడమన్నారు. చెత్తతో పూడుకుపోయి ఉంది. నీళ్లు సరిగా అందక పంపు లోపల ఆవిరి బుడగలు పుట్టి పగులుతున్నాయి. ఆ చప్పుడు అదన్నమాట. దీన్నే కేవిటేషన్ అంటారు. దాని గురించి నేను కాలేజీలో చదివాను, పరీక్ష రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. చెవితో గుర్తుపట్టడం మాత్రం ఆ రోజే వచ్చింది.

ఆయన ఇంకో నాలుగు నెలల్లో రిటైర్ అవుతున్నారు. ఆయన పక్కన నిలబడ్డ గంటలకు ఫారంలో గడి లేదు. నాకు తెలియాల్సినవి రెండు. ఇలా నేర్చుకున్నదాన్ని మీ మీ ఆఫీసుల్లో ఎవరైనా లెక్కలోకి తీసుకుంటున్నారా? ఈ నాలుగు నెలల్లో ఆయన దగ్గరున్నది నేను ఎలా అందుకోవాలి?

కోడ్_కూలీ
మా దగ్గరా ఇంతే. వీడియో ఆఖరుదాకా నడిస్తే గంటలు పడిపోతాయి. నాకు పని నేర్పింది మాత్రం కోడ్ రివ్యూలు, అంటే మనం రాసిన ప్రోగ్రామును తోటివాళ్లు చదివి తప్పొప్పులు చెప్పడం. మొదటి ఏడాదిలో ఒక సీనియర్ ఆవిడ నేను పంపిన ప్రతి మార్పు కిందా "ఇది ఎందుకు?" అని ఒక్క ముక్క రాసేవారు. జవాబు రాయడానికి కూర్చుంటే సగం సార్లు తప్పు నాకే కనపడేది.

చిట్టా_ఆవర్జా
మీ పోస్టు చదవగానే మా పాత హెడ్ అకౌంటెంట్ గారు గుర్తొచ్చారు. నేను చేరిన కొత్తలో ట్రయల్ బ్యాలెన్స్ (డెబిట్, క్రెడిట్ మొత్తాలు సమానమా అని చూసే పట్టీ) కుదరక చీకటి పడేదాకా వెతుక్కునేదాన్ని. ఆయన వచ్చి "తేడా ఎంతమ్మా?" అనేవారు. అది 9తో సరిగ్గా భాగమైతే ఎక్కడో అంకెలు తారుమారై ఉంటాయి చూడు అనేవారు, 540కి బదులు 450 రాసినట్టు. కాకపోతే తేడాను సగం చేసి, ఆ మొత్తం డెబిట్‌లో పడాల్సింది క్రెడిట్‌లో పడిందేమో వెతకమనేవారు. నా డిగ్రీ మూడేళ్లలో ఈ రెండూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు చాలావరకు సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. అయినా బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసేటప్పుడు నా మనసు ముందు 9 దగ్గరికే పోతుంది.

మీ మొదటి ప్రశ్నకు జవాబు: లేదండీ. మాది లెక్కల శాఖే అయినా ఈ చదువుకు మాత్రం లెక్క లేదు.

మౌనవీక్షకుడు
దీనికి 70-20-10 అని ఒక లెక్క ఉంది కదా. మనిషి నేర్చుకునేదాంట్లో 70 శాతం పనిచేస్తూ, 20 శాతం తోటివాళ్ల నుంచి, 10 శాతమే క్లాసుల్లో అని. అది తీసుకెళ్లి మీ మేనేజర్‌కు చూపించండి.

ట్రైనింగ్_టేబుల్
శిక్షణ విభాగంలో పదమూడేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ అంకెల గురించి ఒక్క మాట. అవి 1980ల్లో అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్‌లో మెక్‌కాల్, లొంబార్డో, ఐకింగర్ చేసిన పని నుంచి వచ్చాయి. దాదాపు 200 మంది పై స్థాయి అధికారులను "మిమ్మల్ని మార్చిన అనుభవాలు ఏవి?" అని అడిగారు. వాళ్లు గుర్తు చేసుకుని చెప్పినవాటిని గుంపులుగా విడదీస్తే సుమారుగా ఆ పాళ్లు వచ్చాయి. ఎవరూ కొలబద్ద పెట్టి కొలవలేదు. పైగా అడిగింది అధికారులను, ఫిట్టర్లను కాదు. ఆ 10 శాతం లేకుండా మిగతా 90 నిలబడుతుందని కూడా ఎవరూ రుజువు చేయలేదు. దాన్ని చూపించి మా బడ్జెట్ కోసినవాళ్లను చూశాను కాబట్టి చెబుతున్నాను.

నట్టు_బోల్టు గారి బాధ మాత్రం న్యాయమైనదే. తప్పు మా వైపూ ఉంది. శిక్షణను నాలుగు మెట్ల మీద కొలవాలని డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికా ప్రొఫెసర్ 1959లోనే రాశారు: వచ్చినవాళ్లకు నచ్చిందా, ఏమైనా వచ్చిందా, పనిలో మార్పు కనిపిస్తోందా, దానివల్ల సంస్థకు ఫలితం దక్కిందా. మేము చాలాచోట్ల మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాం. క్లాసు అవగానే ఒక ఫారం ఇచ్చి 5కు ఎన్ని మార్కులో వేయించుకుంటాం. మూడో మెట్టు చూడాలంటే రెండు నెలల తర్వాత మనిషి పనిచేసే చోటికి వెళ్లి నిలబడాలి. అంత తీరిక మాకు ఇవ్వరు, మేమూ గట్టిగా అడగలేదు.

కోడ్_కూలీ
@ట్రైనింగ్_టేబుల్ ఒప్పుకున్నందుకు థాంక్స్ సార్. ఈ మాట మా శిక్షణ విభాగం నుంచి ఎప్పుడూ వినలేదు.

క్రేన్_కేబిన్
నేను కొంచెం ఎదురు చెబుతాను. సీనియర్ పక్కన నిలబడితే వచ్చేదంతా మంచే అనుకోకండి. నాకు పని నేర్పిన ఆపరేటర్ చెయ్యి బంగారం. కానీ హుక్కు ఇంకొంచెం పైకి పోవాలంటే హుక్కును హద్దు దగ్గర ఆపే లిమిట్ స్విచ్‌ను ఎలా తప్పించాలో కూడా ఆయనే నేర్పాడు. రెండేళ్లు అదే చేశాను. ఏమీ కాలేదు కాబట్టి అదే సరైన పద్ధతి అనుకున్నాను.

తర్వాత మూడు రోజుల క్లాసుకు పంపారు. బరువును హుక్కుకు తగిలించే రెండు కాళ్ల స్లింగు (తాడు) నేలకు 30 డిగ్రీల వాలులో ఉంటే, ఒక్కో కాలి మీద పడే లాగుడు మొత్తం బరువంత ఉంటుందని అక్కడ బోర్డు మీద లెక్క కట్టి చూపించారు. రెండు టన్నుల బరువైతే ఒక్కో కాలి మీదా రెండు టన్నులు. నేను సగం సగం పంచుకుంటాయని అనుకునేవాణ్ని. ఆ రోజు ఇంటికెళ్లి అంతకుముందు ఎత్తినవన్నీ గుర్తు చేసుకుంటే నిద్ర పట్టలేదు. ఆ లెక్క పక్కన నిలబడి ఎంతకాలం చూసినా తెలిసేది కాదు. స్లింగు తెగిన రోజున తెలిసేది.

పాత_కాపు
క్రేన్_కేబిన్ తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను షాప్ ఫ్లోర్‌లో 34 ఏళ్లు చేసి దిగాను. మా దగ్గర మంచి ఎంత పేరుకుందో మకిలి కూడా అంత పేరుకుంది. ఏది ఏదో కొత్తవాడికి తెలియదు. చాలాసార్లు మాకే తెలియదు.

నట్టు_బోల్టు
@క్రేన్_కేబిన్ అన్నా, మీ మాటతో ఆలోచనలో పడ్డాను. మా సీనియర్ కూడా కప్లింగ్ గార్డు (మోటారునూ పంపునూ కలుపుతూ తిరిగే భాగం మీది రక్షణ మూత) తీసేసి నడిపించి చూస్తుంటారు. అది నేను నేర్చుకోకూడని ముక్క. క్లాసులు వద్దని నేను అనడం లేదు. క్లాసు మాత్రమే చదువని రాసే ఫారం గురించే నా బాధ.

రాత్రి_డ్యూటీ
ఆస్పత్రిలో నర్సుని. నా అనుభవంలో ఎవరి దగ్గర నేర్చుకున్నామన్నది ఒక ఎత్తైతే, వార్డులో నోరు విప్పగలమా లేదా అన్నది ఇంకో ఎత్తు.

నేను ముందు పనిచేసిన వార్డులో ఇన్‌ఛార్జి చాలా కోపిష్టి. ఒకసారి సెలైన్ చుక్కల వేగం తప్పు పెట్టాను. పది నిమిషాల్లో చూసుకుని సరిచేశాను. పేషెంటుకు ఏమీ కాలేదు. ఎవరికీ చెప్పలేదు. వారం తిరక్కుండా అదే సెలైన్ పంపు మీద అదే తప్పు ఇంకో అమ్మాయి చేసింది, తనకు పెద్ద గొడవ అయింది. ఆ పంపులో రెండు మీటలు పక్కపక్కనే ఉంటాయి, చీకట్లో వేలు జారుతుంది. నేను చెప్పి ఉంటే తనకు తప్పేది. అది ఇప్పటికీ నన్ను వెంటాడుతుంది.

ఇప్పుడున్న వార్డులో డ్యూటీ మారేటప్పుడు అయిదు నిమిషాలు ఎక్కువ తీసుకుంటాం. "ఈ రాత్రి ఎక్కడ తప్పబోయాం?" అని ఇన్‌ఛార్జి అడుగుతారు, మొదట తన తప్పే చెబుతారు. అయిదారు నెలల్లో నేను నేర్చుకున్నది అంతకుముందు నాలుగేళ్లలో నేర్చుకోలేదు.

మౌనవీక్షకుడు
@రాత్రి_డ్యూటీ మీరు చెప్పినదాని మీద ఒక ప్రసిద్ధమైన పరిశోధన ఉంది. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ఆవిడ ఆస్పత్రుల్లో మందుల తప్పుల మీద చేశారు, 1996లో అచ్చయింది. మంచి జట్టుల్లో తప్పులు తక్కువ ఉంటాయనుకుని మొదలుపెట్టారు. లెక్క తిరగబడింది. మంచి జట్టుల్లోనే తప్పులు ఎక్కువ నమోదయ్యాయి. తరచి చూస్తే, అక్కడ జనం భయం లేకుండా చెబుతున్నారు, మిగతాచోట్ల దాస్తున్నారు. తర్వాత 1999లో ఒక తయారీ కంపెనీలో 51 జట్లను చూసి, నోరు విప్పగలిగే జట్లే ఎక్కువ నేర్చుకుంటున్నాయని రాశారు.

రాత్రి_డ్యూటీ
ఇది నాకు తెలియదు. మా ఇన్‌ఛార్జి గారికి పంపిస్తాను, ఆవిడ చాలా సంతోషిస్తారు.

కాంట్రాక్ట్_బతుకు
అందరూ సీనియర్ల గురించి చెబుతున్నారు. మా సంగతి కూడా వినండి. ఆరు నెలలకొకసారి సైటు మారుస్తారు. సీనియర్‌తో పరిచయం అయ్యేసరికి గేటు పాసు అయిపోతుంది. కంపెనీ క్లాసులు పర్మినెంట్ వాళ్లకే. సేఫ్టీ క్లాసు ఒక్కటి ఉంటుంది, అరగంట. క్లాసూ లేదు, క్లాసు బయటా లేదు. నాలాంటివాళ్లు ఎక్కడ నేర్చుకోవాలి?

క్రేన్_కేబిన్
తమ్ముడూ, ఏం పని చేస్తావ్?

కాంట్రాక్ట్_బతుకు
వెల్డింగ్ అన్నా. ఆర్క్ వచ్చు. ఆర్గాన్ గ్యాసుతో చేసే వెల్డింగ్ నేర్చుకోవాలని ఉంది. మెషిన్ ముట్టుకోనివ్వరు.

పాత_కాపు
నీకు రెండు మాటలు చెబుతాను. ప్రతి సైటులోనూ తుక్కులో పడేసే ముక్కలు ఉంటాయి. ఫోర్‌మన్‌ను అడిగి, షిఫ్ట్ అయ్యాక పావుగంట ఆ ముక్కల మీద వేసి చూపించు. వంద మందిలో తొంభై మంది అడగరు కాబట్టి అడిగినవాణ్ని ఫోర్‌మన్ గుర్తుపెట్టుకుంటాడు. రెండోది, నువ్వు వేసిన ప్రతి మంచి జాయింటుకూ ఫొటో తీసి పెట్టుకో. ఏ మెటల్, ఎంత మందం, ఎన్ని ఆంపియర్లు, ఏ రాడ్డు, ఎక్కడ తప్పింది, మళ్లీ ఎలా వేశావు, అన్నీ కింద రాసుకో. సైటు మారినా ఆ నోట్‌బుక్ నీతోనే వస్తుంది. ఫొటో తీయడానికి సైటు వాళ్ల అనుమతి మాత్రం తీసుకో.

కాంట్రాక్ట్_బతుకు
నోట్‌బుక్ మాట బాగుంది పెద్దాయనా. ఇవాళే కొంటాను.

వాన_చినుకు
కాంట్రాక్ట్_బతుకు గారి ప్రశ్న ఇంకో ప్రశ్నకు దారి తీస్తుంది. ఈ నేర్చుకోవడం ఎవరి టైములో? "షిఫ్ట్ అయ్యాక పావుగంట" అని పాత_కాపు గారు తేలిగ్గా అనేశారు. ఇద్దరు పిల్లలతో, మంచాన ఉన్న అత్తగారితో నాకు ఆ పావుగంట దొరకదు. అయిదేళ్ల గ్యాప్ తర్వాత మళ్లీ ఉద్యోగంలో చేరాను. మా టీమ్‌లో అబ్బాయిలు ఆఫీసు అయ్యాక ఉండిపోయి మాట్లాడుకుంటూ నేర్చుకుంటారు. మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి సగం నిర్ణయాలు అయిపోయి ఉంటాయి. "నేర్చుకోవాలంటే తపన ఉండాలి" అని మా లీడ్ అంటాడు. నాకు తపన ఉంది. టైమే లేదు.

కోడ్_కూలీ
@వాన_చినుకు మేడం, ఆ అబ్బాయిల్లో నేనూ ఒకణ్ని అయి ఉండొచ్చు. ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు. మేము సాయంత్రం మాట్లాడుకునేది టీమ్ చాట్‌లో రెండు ముక్కలు రాసి పెడితే మీలాంటివాళ్లకు ఉపయోగపడుతుందా?

వాన_చినుకు
సగం ఉపయోగపడుతుంది. మిగతా సగం కోసం ఆ మాటలు మధ్యాహ్నం మూడింటికి పెట్టుకోండి.

మౌనవీక్షకుడు
టైము ఇచ్చిన కంపెనీలు లేకపోలేదు. 3ఎమ్ అనే అమెరికా కంపెనీలో ఉద్యోగులు తమ పని గంటల్లో 15 శాతం సొంత ఆలోచనల మీద పెట్టుకోవచ్చన్న పద్ధతి 1948 నుంచి ఉంది. అక్కడ పనిచేసే స్పెన్సర్ సిల్వర్ 1968లో ఒక గట్టిగా అంటుకోని జిగురు తయారుచేశాడు. దేనికి పనికొస్తుందో తెలియలేదు. దాని గురించి కంపెనీలో ఎక్కడ మీటింగ్ జరిగినా చెబుతూ పోయాడు. అదే కంపెనీలోని ఆర్ట్ ఫ్రై అది విని గుర్తుపెట్టుకుని, 1974లో పుస్తకంలో పెట్టుకునే గుర్తు చీటీకి వాడొచ్చని కనిపెట్టాడు. 1980లో పోస్ట్-ఇట్ నోట్స్ (అంటించి తీసేయగల చీటీలు) మార్కెట్‌లోకి వచ్చాయి. ఒకడికి తెలిసింది ఇంకొకడి చేతిలో పనికిరావడానికే ఆరేళ్లు పట్టింది చూడండి.

చిట్టా_ఆవర్జా
అది ల్యాబుల్లో పనిచేసేవాళ్లకు. నెలాఖరులో మా శాఖలో 15 శాతం కాదు, 15 నిమిషాలు అడిగి చూడమనండి.

మౌనవీక్షకుడు
ఒప్పుకుంటాను.

స్క్రూడ్రైవర్_సంచి
ఆఫీసు మెషిన్లు రిపేరు చేస్తాను, ఫీల్డు డ్యూటీ. నట్టు_బోల్టు అన్న రెండో ప్రశ్న దగ్గరికి ఎవరూ రాలేదు కాబట్టి చెబుతున్నా.

మా వృత్తి మీద జూలియన్ ఓర్ అనే ఆంత్రొపాలజిస్టు (మనుషుల జీవన పద్ధతులను పరిశీలించేవాడు) 1980ల్లో జిరాక్స్ కంపెనీలో పరిశోధన చేశాడు. కాపీ మెషిన్లు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగాడు. కంపెనీ వాళ్లకు మందపాటి మాన్యువల్ ఇచ్చింది. మెషిన్ మీద ఈ తప్పు కోడ్ వస్తే ఇది చెయ్యి, అది పనిచేయకపోతే అది చెయ్యి, అలాగన్నమాట. ఆయన చూస్తే అసలు చదువు మాన్యువల్‌లో లేదు, టెక్నీషియన్లు కలిసి కూర్చున్నప్పుడు చెప్పుకునే కథల్లో ఉంది. "ఫలానా చోట మెషిన్ ఈ కోడ్ చూపించింది కానీ తప్పు ఇంకెక్కడో ఉంది" అని ఒకడు మొదలుపెడితే ఇంకొకడు అందుకుంటాడు. ఆ మాటల్లోనే మాన్యువల్‌కు అందని జబ్బులు దొరికేవి. తర్వాత జిరాక్స్ యురేకా అని ఒక పద్ధతి పెట్టింది. టెక్నీషియన్ తను కనిపెట్టిన చిట్కా రాస్తాడు, తోటి టెక్నీషియన్లు పరీక్షించి సరే అంటే అందరికీ అందుతుంది, రాసినవాడి పేరుతో సహా.

మా బ్యాచ్ ఇదంతా తెలియకుండానే చేస్తోంది. మాకు ఒక గ్రూపు ఉంది, వాయిస్ మెసేజ్‌లే. "కోడ్ ఇది చూపిస్తోంది, రోలర్ మార్చినా పోలేదు" అని ఒకడు పెడతాడు. పావుగంటలో మూడు జవాబులు వస్తాయి. కాబట్టి అన్నా, మీ సీనియర్‌ను "మీకు తెలిసింది చెప్పండి" అని అడగకండి. "అన్నిటికంటే మిమ్మల్ని ఏడిపించిన పంపు ఏది?" అని అడగండి.

పాత_కాపు
ఈ స్క్రూడ్రైవర్ తమ్ముడికి మా వాళ్ల మనసు తెలుసు. నేను రిటైర్ అయ్యే ముందు నెల నన్ను ఒక గదిలో కూర్చోబెట్టి, ఎదురుగా కెమెరా పెట్టి, "మీ 34 ఏళ్ల అనుభవం చెప్పండి" అన్నారు. నాకు నోరు పెగల్లేదు. మంచి మాటలు నాలుగు చెప్పి బయటపడ్డాను. ఆ వీడియో ఎవరైనా చూశారో లేదో. అదే రోజు మధ్యాహ్నం ఒక కుర్రాడు గేర్‌బాక్స్ దగ్గర ఇబ్బంది పడుతుంటే వెళ్లి, రెండు గంటలు ఆగకుండా చెప్పాను. చేతిలో పనిముట్టు లేకపోతే మాకు గుర్తురాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పడానికి కొంచెం కష్టంగానే ఉంది. చాలా ఏళ్లు కొన్ని విషయాలు కావాలనే దాచుకున్నాను. నాకొక్కడికే తెలిస్తే నన్ను తీసేయలేరని. నేను చూసిన సీనియర్లూ అలాగే చేశారు. మీ ఆయనకు ఆ భయం ఇప్పుడు ఉండదు, వెళ్లిపోతున్నారు కాబట్టి. అడిగే సమయం ఇదే.

ట్రైనింగ్_టేబుల్
పాత_కాపు గారు చెప్పినదానికి ఒక ఉదాహరణ. జపాన్‌లో మత్సుషితా కంపెనీ 1980ల్లో ఇంట్లో రొట్టె చేసే మెషిన్ తయారుచేస్తోంది. పిండి సరిగా కలవడం లేదు. చెయ్యి పిసికిన పిండికీ మెషిన్ పిసికిన పిండికీ ఎక్స్-రేలు తీసి పోల్చి చూశారు, అయినా తేలలేదు. అప్పుడు ఇకుకో తనకా అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఒసాకాలో ఒక హోటల్ ప్రధాన రొట్టెల మాస్టర్ దగ్గర శిష్యురాలిగా చేరింది. ఆయన పిండిని సాగదీస్తూ మెలి తిప్పుతున్నాడని పక్కన పనిచేస్తుంటేనే పట్టుకోగలిగింది. దాన్ని బట్టి మెషిన్ లోపల పక్కటెముకల్లాంటి గట్లు పెట్టారు. అది 1987లో మార్కెట్‌లోకి వచ్చింది. ఆ మాస్టర్‌ను అడిగితే "మెలి తిప్పుతాను" అని చెప్పేవాడా? తను అలా చేస్తున్నానని ఆయనకే తెలిసి ఉండకపోవచ్చు. జపాన్ మేనేజ్‌మెంట్ పండితుడు ఇకుజిరో నొనాకా ఈ సంగతిని తన రచనల్లో వివరంగా రాశారు.

కాబట్టి నట్టు_బోల్టు గారూ, ముందు చూడండి, తర్వాత మీరు చేయండి, ఆయన్ను చూడమనండి. మీరు చేస్తుంటే "అలా కాదు" అని ఆయన ఎక్కడ అంటారో అక్కడ ఆగి రాసుకోండి.

క్రేన్_కేబిన్
ఆ "అలా కాదు" బాగుంది సార్. నాకు పని వచ్చింది ఆ మాట వల్లే.

చిట్టా_ఆవర్జా
చిన్న సందేహం. ఏళ్లు గడిస్తే పని దానంతటదే వస్తుందని అందరం అనుకుంటున్నట్టున్నాం. మా ఆఫీసులో ఇరవై ఏళ్లుగా ఒకే తప్పు ఒకేలా చేస్తున్నవాళ్లు ఉన్నారు.

రాత్రి_డ్యూటీ
నిజం. డాక్టర్ల మీదే ఒక సమీక్ష 2005లో వచ్చింది, మాకు క్లాసులో చెప్పారు. అంతకుముందు జరిగిన 62 అధ్యయనాలను కలిపి చూస్తే, సగానికి పైగా వాటిలో సర్వీసు పెరిగేకొద్దీ వైద్యం నాణ్యత తగ్గినట్టు తేలింది. అనుభవం పెరుగుతుంది కానీ, కొత్తగా తెలిసినవి చేరకపోతే, తప్పు తప్పని చెప్పేవాళ్లు లేకపోతే, అలవాటే గట్టిపడుతుంది.

పాత_కాపు
అమ్మా, ఈ మాట మా రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

కోడ్_కూలీ
చదివిందైనా అంతే. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. ఒక గుంపుకు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదవమన్నారు, ఇంకో గుంపుకు చదివి మూసేసి గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారం తర్వాత అడిగితే మూసేసి రాసినవాళ్లు ముందున్నారు. నేను ఇప్పుడు ఏ కొత్త పద్ధతి చదివినా ల్యాప్‌టాప్ మూసి తెల్లకాగితం మీద రాస్తాను. మొదట్లో కాగితం ఖాళీగా ఉంటే చాలా బాధేస్తుంది. నట్టు_బోల్టు అన్నా, మీరు కూడా సీనియర్ దగ్గర నుంచి వచ్చాక నోట్సు చూడకుండా ఒకసారి రాసి చూడండి.

వాన_చినుకు
మా లీడ్‌కు ఈ చర్చ చూపించాను. గురువారం మూడింటికి అరగంట పెట్టారు. మొదటి వారం నన్నే మాట్లాడమన్నారు.

కోడ్_కూలీ
భలే! ఏం చెప్పారు?

వాన_చినుకు
గ్యాప్ తర్వాత కొత్తగా చూసేదాన్ని కాబట్టి, మా కోడ్‌లో నాకు అర్థంకాని పేర్లన్నీ ఒక జాబితా రాసి పెట్టాను. ఇరవైమూడు వచ్చాయి. వాటిలో ఏడు ఎందుకు ఉన్నాయో అక్కడున్న ఎవరికీ తెలియదు.

కాంట్రాక్ట్_బతుకు
పెద్దాయనా, నోట్‌బుక్‌లో పదకొండు పేజీలు అయ్యాయి. ఫోర్‌మన్ తుక్కు ముక్కల మీద వేయనిచ్చాడు. మొదటి రోజు స్టెయిన్‌లెస్ ముక్కకు చిల్లు పడింది. "కరెంటు తగ్గించు" అన్నాడు, అంతే. ఇంకా ఆర్గాన్ మెషిన్ నా చేతికి రాలేదు. చూస్తున్నాను.

పాత_కాపు
చిల్లు పడ్డ పేజీ కూడా రాసుకున్నావా?

కాంట్రాక్ట్_బతుకు
మొదటి పేజీ అదే.

నట్టు_బోల్టు
రెండు నెలలకు మళ్లీ వచ్చాను. చేసినవి రాస్తాను, ఇంకొకరికి పనికొస్తాయేమో.

స్క్రూడ్రైవర్_సంచి చెప్పినట్టే "మిమ్మల్ని ఏడిపించిన పంపు ఏది?" అని అడిగాను. రెండు గంటలు చెప్పారు. ఆ పంపు 3వ నంబరు, ఇప్పటికీ నడుస్తోంది. దాని కప్లింగ్ ఎన్నిసార్లు సరిచేసినా మళ్లీ పక్కకు జరిగేదట. ఆఖరికి తేలింది ఏమిటంటే, పైపుకు సరైన ఆధారం లేక దాని బరువంతా పంపు మీద పడి లాగుతోంది. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఉంటుంది, వేడెక్కి పైపు సాగితే తప్పుతుంది. ఇది మా రికార్డుల్లో ఎక్కడా లేదు.

ప్రతి బ్రేక్‌డౌన్ తర్వాత పది నిమిషాలు నలుగురం నిలబడి మాట్లాడుకుంటున్నాం. అమెరికా సైన్యం 1970ల నుంచి వాడే నాలుగు ప్రశ్నలు అని ఎక్కడో చదివాను: ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకు తేడా వచ్చింది, ఈసారి ఏం చేద్దాం. మొదటిసారి ఎవరూ మాట్లాడలేదు. రాత్రి_డ్యూటీ గారి ఇన్‌ఛార్జిలా నేనే ముందు నా తప్పు చెప్పాను, జల్లెడ చూడకుండా పంపు విప్పబోయిన సంగతి. తర్వాత హెల్పర్ కుర్రాడు కూడా నోరు విప్పాడు. కప్లింగ్ గార్డు సంగతి ఆ కుర్రాడే ఎత్తాడు. సీనియర్ గారు కాసేపు మాట్లాడలేదు. మర్నాటి నుంచి గార్డు తీసి నడపడం ఆపేశారు.

మిగిలిన 18 గంటల్లో 16 గంటలు వైబ్రేషన్ కోర్సుకు, అంటే యంత్రాల అదురును మీటరుతో కొలవడం నేర్పే కోర్సుకు, వాడుకున్నాను. క్రేన్_కేబిన్ అన్న మాట వల్లే చేరాను, మంచి పనైంది. బేరింగ్ పాడవడం మొదలయ్యేటప్పుడు వచ్చే చప్పుడు మన చెవికి అందనంత ఎత్తు స్థాయిలో ఉంటుందట. స్క్రూడ్రైవర్‌తో వినపడేసరికే అది చాలా దూరం పోయి ఉంటుంది. ఈ మాట ఆయనకు ఎలా చెప్పాలా అని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. చెప్పాను. "ఆ మీటరు ఎలా పట్టుకోవాలో నాకు చూపించు" అన్నారు. ఇప్పుడు రోజూ ఆయన ముందు చెవితో విని ఒక మాట రాస్తారు, తర్వాత నేను మీటరు పెట్టి చూస్తాను, ఇద్దరం పోల్చుకుంటాం.

ఫారం సంగతి. మేనేజర్ కొత్త గడి పెట్టలేదు. "ఇతర వివరాలు" అన్నచోట ఒక పేజీ అతికించమన్నారు. పంపుల వారీగా రాసి, ఏది ఎవరి దగ్గర నేర్చుకున్నానో పేర్లతో అతికించాను. ఆయన పేరు తొమ్మిదిసార్లు వచ్చింది. హెల్పర్ పేరు ఒకసారి వచ్చింది.

ట్రైనింగ్_టేబుల్
ఆ పేజీ నమూనా, పేర్లు తీసేసి, నాకు పంపగలరా? మా ఫారం వచ్చే నెల మారుస్తున్నాం.

నట్టు_బోల్టు
తప్పకుండా పంపుతాను సార్. ఇంకొక్క సంగతి. మొన్న 5వ నంబరు మోటారు మీద ఇద్దరికీ తేడా వచ్చింది. ఆయన చెవికి బేరింగ్ బాగానే ఉంది. నా మీటరు ఎక్కువ చూపిస్తోంది. రేపు పొద్దున షిఫ్ట్‌లో విప్పుతున్నాం.

పాత_కాపు
విప్పాక ఫొటో పెట్టు తమ్ముడూ. బేరింగ్ బయటి రింగు దగ్గరగా తీయి.